తొమ్మిది సెంటీమీటర్ల మర్యాద

1974లో ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీ ఒక అందమైన కారుకు ఎత్తు మడమల చెప్పులు తొడిగింది. ఆ కారు పేరు ఎంజీబీ. 1962 నుంచి తయారవుతున్న రెండు సీట్ల, టాపు తెరుచుకునే బండి. దాని అమ్మకాల్లో పెద్ద వాటా అమెరికాది. బంపరు నేలకు ఇంత ఎత్తున ఉండాలి, నెమ్మదిగా గుద్దుకుంటే లైట్లు పగలకూడదు అని అమెరికా ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. కొత్త డిజైనుకు కంపెనీ దగ్గర డబ్బుల్లేవు. తళతళలాడే క్రోమ్ బంపర్లు పీకేసి నల్లటి రబ్బరు దిమ్మెలు బిగించింది. సస్పెన్షన్‌ను అంగుళం పైచిలుకు లేపింది. అది చాలదన్నట్టు, ఖర్చు కలిసొస్తుందని ముందువైపు యాంటీ రోల్ బార్ కూడా తీసేసింది. అంతవరకు మలుపుల్లో నేలను పట్టుకుని పోయిన బండి ఆ తర్వాత పడవలా ఒరగడం మొదలుపెట్టింది. కంపెనీ నాలుక్కరుచుకుని కొన్నాళ్లకు ఆ బార్‌ను తిరిగి పెట్టింది కానీ ఎత్తు మాత్రం తగ్గించలేదు. 1980లో తయారీ ఆగిపోయేదాకా అంతే.

ఆ రబ్బరు బంపర్ల బండి కొన్నవాళ్లు దశాబ్దాలుగా చేయిస్తున్న పని ఒకటే. ఆ అంగుళాన్ని మళ్లీ కిందికి దించడం, రబ్బరు తీసి క్రోమ్ పెట్టించడం. దీన్ని మోడిఫికేషన్ అనాలా, మరమ్మతు అనాలా?

కారును కిందికి దించడం అనగానే మన దగ్గర చాలామందికి ఒకే బొమ్మ కళ్లముందు మెదులుతుంది. అర్ధరాత్రి సైలెన్సర్ పేల్చుకుంటూ, స్పీడ్ బ్రేకర్ వచ్చేసరికి పొట్ట గీరుకుంటూ వెళ్లే కుర్రాళ్ల బండి. ఆ బొమ్మ అబద్ధమేం కాదు. అయితే కారు ఎత్తు అనేది యజమాని బుద్ధికి సంబంధించిన సంగతి కాదు, మిల్లీమీటర్లకు సంబంధించిన సంగతి. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ స్ప్రింగుతో, ఏ రోడ్డు మీద అని అడిగితే సమాధానం దొరుకుతుంది. మంచిదా చెడ్డదా అని అడిగితే తగువే మిగులుతుంది. మన చట్టం ఇప్పటిదాకా ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

మొదటి ప్రశ్న అడగడానికి అన్నిటికంటే అనువైన కారు మాజ్దా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తెర తీశారు. అమెరికాలో మియాటా, జపాన్‌లో యునోస్ రోడ్‌స్టర్. బరువు టన్నుకు కాస్త తక్కువ. ముందు 1.6 లీటర్ల ఇంజను, వెనక చక్రాలకు శక్తి, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, స్విచ్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. ఈ కారు పనికి పెద్దగా ఉన్న ఇంజనీరు తోషిహికో హిరాయ్ తన బృందానికి ఇచ్చిన మంత్రం ‘జిన్‌బా ఇత్తై’. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లు కావడం అని దాని అర్థం. 2016 ఏప్రిల్ నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల బళ్లు తయారయ్యాయి. తొలి తరం బళ్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. అయినా వాటిని గాజు గదిలో పెట్టి చూసుకునేవాళ్ల కంటే రోజూ ఆఫీసుకు వేసుకెళ్లేవాళ్లే అసలైన అభిమానులు. ఇక్కడ మాట్లాడేది వాళ్ల గురించి.

ఆ బండి కొత్తగా ఉన్నప్పుడు కూడా టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు ఉండేది. ఫ్యాక్టరీ వాళ్లకు అందం తెలియక కాదు. మంచులో తిరిగేవాడికి, డిక్కీ నిండా సామాను వేసుకునేవాడికి, పక్క సీట్లో వంద కిలోల మనిషిని కూర్చోబెట్టుకునేవాడికి, గుంతల రోడ్డులో ఉండేవాడికి, అందరికీ కలిపి ఒకే ఎత్తు ఖాయం చేయాలి. అది రెడీమేడ్ చొక్కా లాంటిది. కొనుక్కున్నవాడు టైలరు దగ్గరికి వెళ్లి చేతులు కాస్త కుట్టించుకుంటే కుట్టిన కంపెనీని అవమానించినట్టు కాదు.

అయితే ఎంత కుట్టించాలి? దించితే కలిగే లాభం గురించి దుకాణాల్లో చెప్పే కబుర్లు కోటలు దాటుతుంటాయి. లెక్క మాత్రం చిన్నది. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి జారుతుంది. ఆ జారే బరువు కారు గురుత్వ కేంద్రం ఎత్తును బట్టి ఉంటుంది. ఆ కేంద్రం నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కారును రెండున్నర సెంటీమీటర్లు, అంటే దాదాపు అంగుళం దించితే జారే బరువు 5 శాతం తగ్గుతుంది. అంతే. ‘దించగానే కారు మారిపోయింది’ అని చెప్పేవాడికి నిజంగా తెలిసొచ్చిన తేడాలో ఎక్కువ భాగం కొత్త స్ప్రింగులది, కొత్త షాకప్‌లది, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి సరిగ్గా చేయించిన వీల్ అలైన్‌మెంట్‌ది.

నష్టం లెక్క మాత్రం అంత చిన్నది కాదు. దించినకొద్దీ షాకప్ లోపల కదలడానికి మిగిలే చోటు తగ్గుతుంది. చిన్న గుంతకే లోపలున్న రబ్బరు దిమ్మె, మెకానిక్కుల మాటలో బంప్ స్టాప్, తగులుతుంది. అక్కడి నుంచి కారు స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముక్క మీద నడుస్తున్నట్టే. ఎంఎక్స్-5లో ఆ చోటు మొదటి నుంచీ తక్కువే. అందుకే ఆ బండి గురించి తెలిసినవాళ్లు 1998లో వచ్చిన రెండో తరం కారు పై మౌంట్లు తెచ్చి తొలి తరం బండికి వేస్తారు. కాస్త ఎక్కువ కదలిక దొరుకుతుంది. అదే కంపెనీ తర్వాత చేసిన దిద్దుబాటును వెనక్కి తీసుకురావడం అన్నమాట. పైసా ఖర్చుకు రూపాయి లాభం లాంటి పని. కానీ బయటికి కనిపించదు కాబట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు దీని జోలికి పోరు.

స్ప్రింగును గ్రైండరుతో కోసి కారు దించే పద్ధతి ఇంకొకటి ఉంది. జపాన్‌లోనూ ఉంది, జార్జియాలోనూ ఉంది, మన షెడ్లలోనూ ఉంది. చవక. ఒక చుట్టు కోసేస్తే కారు కిందికి దిగుతుంది. మిగిలిన స్ప్రింగు కాస్త గట్టిపడుతుంది కూడా. కానీ దిగిన ఎత్తుకు సరిపడేంత గట్టిపడదు, దాన్ని అదుపు చేయాల్సిన షాకప్ పాతదే. చక్రం గాల్లోకి వేలాడినప్పుడు కోసిన స్ప్రింగు తన గూట్లోంచి జరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. రోజూ పిల్లల్ని స్కూలుకు దించే బండిలో ఈ పని చేసేవాణ్ణి పొదుపరి అనకూడదు.

మంచి పనివాడు ఈ పని ఎలా చేస్తాడో దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. స్ప్రింగు మార్చాలంటే సస్పెన్షన్ ఆర్మ్‌ల బోల్టులు వదులు చేయాలి. ఆ బోల్టుల చుట్టూ రబ్బరు బుష్‌లుంటాయి. ముప్పై ఏళ్లకు అవి ఎండిపోయి, పగుళ్లిచ్చి ఉంటాయి. కొత్తవి వేస్తాడు. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. కారు ఇంకా జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించేస్తే బుష్ ఆ వేలాడే స్థితిలో ఖాయమైపోతుంది. కారు కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. కారు కూడా కావలసినంత కిందికి కూర్చోదు. అందుకని చేయి తిరిగిన మనిషి బోల్టులు చేత్తో తిప్పి వదిలేస్తాడు. కారును చక్రాల మీదికి దించి, రెండు మూడుసార్లు బానెట్ మీద, డిక్కీ మీద అదిమి, ముందుకూ వెనక్కూ నెట్టి, బరువంతా చక్రాల మీద ఉండగా కిందికి దూరి అప్పుడు పాన పడతాడు. నడుం పట్టేస్తుంది. బిల్లులో ఆ పావుగంట ఎక్కడా కనపడదు. తర్వాత ఎత్తు కొలుస్తాడు. అదీ నేల నుంచి కాదు. టైరులో గాలి తగ్గితే ఆ కొలత మారిపోతుంది మరి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా, నాలుగు మూలలా.

ఆ తర్వాత అలైన్‌మెంట్. డబుల్ విష్‌బోన్ ఉన్న కారును దించితే చక్రాల తలలు లోపలికి వాలతాయి. కొంచెం వాలితే మలుపుల్లో పట్టు పెరుగుతుంది. కావాలనే మరీ వాలించి, చక్రాలు ‘ఆ’కారం పలికినట్టు నోరు తెరుచుకుని నిలబడేలా చేసేవాళ్లు జపాన్‌లో ఉన్నారు. దానికి అక్కడ ‘ఒనిక్యాన్’ అని పేరు, రాకాసి వాలు అన్నమాట. షో కోసం చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. రోజూ తిప్పే బండికి అది తెలివితక్కువ పని. టైరు లోపలి అంచు ఒక్కటే నేలకు తగులుతుంది. బయట గాడులు కొత్తగా కనిపిస్తూ ఉంటే లోపల తీగలు బయటపడి ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు ఆ అంచే ఆపాలి.

రిమ్ముల సంగతికొస్తే, ఫ్యాక్టరీ ఇచ్చిన టైరు 185/60, 14 అంగుళాలది. దాని మొత్తం వ్యాసం దాదాపు 578 మిల్లీమీటర్లు. 195/50, 15 అంగుళాల టైరు వేస్తే 576. రెండు మిల్లీమీటర్ల తేడా. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గేర్ల లెక్క చెడదు, మడ్‌గార్డుకు రాసుకోదు. పదహారు, పదిహేడుకు వెళ్లినకొద్దీ రబ్బరు పలచబడి ఇనుము పెరుగుతుంది, ప్రతి గుంత నడుముకు తెలుస్తుంది. ఈ చిన్న కారుకు పదిహేను చాలు అని ఎవరైనా చెబితే అది రుచికి సంబంధించిన మాట కూడా కాదు, కూడికలు తీసివేతలు.

రూపం మార్చడంలో రుచికి చోటుంది. పాత రేసింగ్ బళ్లను గుర్తుకు తెచ్చే ఎనిమిది కమ్మీల రిమ్ములు, ముందు బంపరు కింద చిన్న పెదవి లాంటి అంచు, చెక్క స్టీరింగు, చలికాలానికి గట్టి టాపు, ఇవన్నీ రోడ్‌స్టర్‌కు నప్పుతాయి. 1990లో కంపెనీయే ముదురాకుపచ్చ రంగు, గోధుమరంగు తోలు సీట్లు, చెక్క స్టీరింగుతో వీ-స్పెషల్ అనే రకం తెచ్చింది. అదే ఇప్పటికీ చాలామందికి కొలమానం. పైకి లేచే ఆ హెడ్‌లైట్లు పీకేసి స్థిరమైనవి పెట్టేవాళ్లంటే మాత్రం ఈ వ్యాసం రాస్తున్న చేతికి కాస్త కోపం. 1998లో రెండో తరం కారు వచ్చేటప్పటికి కంపెనీయే వాటిని వదిలేసింది కదా అంటారు. వదిలేసింది కాబట్టే ఉన్నవాటిని ఉంచుకోవాలి. ఇంకో మాట. రంగుకూ రిమ్ములకూ డబ్బు పెట్టేముందు తలుపుల కింద సిల్లుల్లో వాన నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు చూసుకోవాలి. టాపు మీది నీళ్లు అటే దిగుతాయి. ఆకులూ దుమ్మూ పేరుకుని ఆ దారి మూసుకుంటే సిల్లు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఈ కార్లను ఎక్కువగా చంపింది ఆ రంధ్రమే.

ఇంత ఆసక్తి, ఇంత పనితనం జపాన్‌లో బతకడానికి కారణం అక్కడి యువకులు క్రమశిక్షణ గలవాళ్లు కావడం కాదు. 1970లలో, 80లలో అక్కడ ‘షకోతాన్’ అని ఒక పిచ్చి నడిచింది. కారును నేలకు ఆనించేంత దించి, పొగగొట్టాలు ఆకాశానికి ఎక్కించి తిరిగేవారు. పోలీసులు వెంటపడేవారు. ఇంత గొడవలో కూడా అక్కడి చట్టంలో ఉన్నది మాత్రం ఒక అంకె. మామూలు ప్యాసింజరు కారు ఖాళీగా ఉన్నప్పుడు పొట్టకూ నేలకూ మధ్య 9 సెంటీమీటర్లు ఉండాలి. చక్రంతో పాటు పైకీ కిందికీ కదిలే భాగాలకు ఈ లెక్క వర్తించదు. కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి ‘షాకెన్’ అనే తనిఖీ తప్పదు. తొమ్మిది ఉంటే ఈ పరీక్ష గట్టెక్కినట్టు, లేకపోతే ఇంటికి. 1995లో నిబంధనలు సడలించి, నిర్దేశించిన రకం విడిభాగాలు వాడితే ఎత్తులో 4, వెడల్పులో 2, పొడవులో 3 సెంటీమీటర్ల లోపు తేడాకు మళ్లీ కొత్తగా అనుమతి పత్రాలు అక్కర్లేదన్నారు. కొలత ఇంత స్పష్టంగా ఉండేసరికి స్ప్రింగులు చేసే కంపెనీలు దానికి లోబడే సరుకు తయారుచేయడం మొదలుపెట్టాయి. డబ్బా మీద ‘షాకెన్‌కు సరిపోతుంది’ అని అచ్చేసి అమ్ముతాయి. కుర్రాడి చేతిలోంచి గ్రైండరు లాక్కున్నది లాఠీ కాదు, ఆ డబ్బా.

జర్మనీది ఇంకో దారి. అక్కడ స్ప్రింగును అమ్మేవాడే ముందు దాన్ని పరీక్ష చేయించి నివేదిక జతచేస్తాడు. కారుకు బిగించాక తనిఖీ సంస్థ ఇంజనీరు చూసి, అవసరమైతే బండి పత్రాల్లో రాయిస్తాడు. ఆ తర్వాత ఏ పోలీసు ఆపినా కాగితం చూపిస్తే సరి.

అమెరికాలోని కాలిఫోర్నియా దీనికి తిరగేసి నడిచింది. కారులోని ఏ భాగమూ రిమ్ముల అడుగు అంచు కంటే కిందికి ఉండకూడదని 1958లో చట్టం చేశారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ దాన్ని ఎక్కువగా ఎవరి మీద ప్రయోగించారంటే, వారాంతాల్లో దించిన కార్లలో నెమ్మదిగా ఊరేగే మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ల మీద. శాన్ బెర్నార్డినోకు చెందిన రాన్ అగిర్రే అనే యువకుడికి కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు ఉండేది. చలాన్లతో విసిగిపోయి 1959 ప్రాంతంలో దానికి విమానాల సామానులోంచి తీసిన హైడ్రాలిక్ పంపులు బిగించాడు. నిలబడ్డప్పుడు కారు నేలకు వాలుతుంది. పోలీసు కనిపిస్తే స్విచ్ నొక్కుతాడు, బుద్ధిగా చట్టబద్ధమైన ఎత్తుకు లేస్తుంది. ‘ఎక్స్-సానిక్’ అని పేరు పెట్టిన ఆ కారు నుంచే ఎగిరి గంతులేసే లోరైడర్ల సంప్రదాయమంతా పుట్టుకొచ్చింది. దించొద్దన్న చట్టమే దించడాన్ని ఒక కళగా మార్చిపెట్టింది. చివరికి 2023లో ఆ రాష్ట్రం ఆ నిషేధాన్ని ఎత్తేస్తూ బిల్లు చేసింది. 2024 జనవరి 1 నుంచి అమలు. అరవై అయిదేళ్లు పట్టింది.

మన దగ్గరికి వద్దాం. మాజ్దా ఈ కారును మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. తెలుగువాళ్లు దీన్ని నడిపేది ఎక్కువగా అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో. అయినా పాత కారును కాస్త దించి, రిమ్ములు మార్చి, రోజూ తిప్పుకోవాలన్న కోరిక హైదరాబాద్‌లోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. దాని ఎదురుగా ఉన్నది 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంధనం మార్చుకోవడానికీ, వికలాంగులు నడిపేలా బండిని అమర్చుకోవడానికీ దారి ఉంచారు.

దీని వెనక ఉన్న భయాన్ని కొట్టిపారేయలేం. కంపెనీ ఆ బండిని గోడకు గుద్ది చూసింది, బ్రేకులు పరీక్షించింది. సందు చివర షెడ్డులో మార్చినవాడు ఏం పరీక్షించాడు? ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి కదా. సెక్షన్ మొత్తం వెతికినా ‘ఇంతవరకు సరే’ అనే సెంటీమీటరు ఒక్కటి కనపడదు. ఫలితం ఏమిటంటే, పరీక్షించిన స్ప్రింగులు, కొత్త షాకప్‌లు, అలైన్‌మెంట్ రిపోర్టు అన్నీ చేయించినవాడూ, గ్రైండరుతో చుట్టు కోసినవాడూ చట్టం ముందు ఒకటే. ఇద్దరికీ ఒకే భయం, ఒకే బేరం. అలాంటప్పుడు చవకదే ఎవడైనా ఎంచుకుంటాడు.

మన రోడ్లకు దించిన కారు పనికిరాదు కదా, స్పీడ్ బ్రేకర్లు ఉండనే ఉన్నాయి అని వెంటనే వినిపించే మాట. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో నిదానమైన గుబ్బలా ఉండాలి. పది సెంటీమీటర్ల గుబ్బ, తొమ్మిది సెంటీమీటర్ల కారు. గీరుకోక తప్పదనిపిస్తుంది. కానీ రోడ్‌స్టర్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.265 మీటర్లు. గుబ్బ అంతకంటే వెడల్పు కాబట్టి కారు నాలుగు చక్రాలతోనూ దాని మీదే ఎక్కి నిలబడుతుంది. ఆ వంపుకు రెండు ఇరుసుల నడుమ పొట్ట కిందికి పొడుచుకొచ్చేది నాలుగు సెంటీమీటర్లకు లోపే. అంటే పుస్తకంలో ఉన్నట్టు కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద జపాన్ తనిఖీలో నెగ్గిన కారు నిమ్మళంగా, పొట్టకు మరక అంటకుండా దాటుతుంది.

గీరుకునేది పుస్తకంలో లేనివాటి మీద. కాలనీవాళ్లు చందాలేసుకుని రాత్రికి రాత్రి పోయించిన సిమెంటు దిమ్మెల మీద, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన గట్ల మీద, అపార్టుమెంటు సెల్లారులోకి నిట్టనిలువుగా దిగే ర్యాంపు మీద. అక్కడ దించని కార్లు కూడా గీరుకుంటున్నాయి. నలుగురు ఎక్కిన మామూలు సెడాన్ కింద ఆ కరకరమనే చప్పుడు వినని డ్రైవరు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉండడు. కారు ఎత్తుకు కొలత రాయని చోట రోడ్డు గుబ్బకు రాసిన కొలతను కూడా ఎవరూ చూడటం లేదు.

వాణిజ్య వాహనాల ఫిట్‌నెస్ పరీక్షలకు యంత్రాలతో నడిచే స్టేషన్లు దేశంలో ఒక్కొక్కటే వస్తున్నాయి. బ్రేకులు, పొగ, హెడ్‌లైట్ల గురి అక్కడ యంత్రమే చూస్తుంది. ఆ వరుసలోనే ఒక చదునైన గచ్చు, ఒక కొలబద్ద, అలైన్‌మెంట్ యంత్రం పెడితే దించిన సొంత కారును కూడా చూసి చెప్పొచ్చు. స్ప్రింగుకు పరీక్ష నివేదిక ఉందా, టైరు వ్యాసం పాతదానికి దగ్గరగా ఉందా, స్టీరింగు పూర్తిగా తిప్పితే ఎక్కడైనా రాసుకుంటోందా, కారు దిగాక హెడ్‌లైట్ల గురి మళ్లీ సరిచేశారా. నాలుగు ప్రశ్నలు, అరగంట పని, ఆర్‌సీలో ఒక గీటు. ఎంత ఎత్తు ఖాయం చేయాలన్నది ఇంజనీర్లు కూర్చుని తేల్చుకోవచ్చు. జపాన్ తొమ్మిది అంది కాబట్టి మనమూ తొమ్మిదే అనక్కర్లేదు. వానాకాలంలో మన గుంతలు చూసినవాడెవడైనా పన్నెండు అన్నా కాదనడు.

మాజ్దా కంపెనీయే 2017లో జపాన్‌లో తొలి తరం రోడ్‌స్టర్లకు పునరుద్ధరణ సేవ ప్రకటించింది. ఎప్పుడో ఆపేసిన భాగాలను మళ్లీ తయారుచేయించింది. బట్ట టాపు, చెక్క స్టీరింగు, చివరికి ఆనాటి గాడుల నమూనాతోనే 185/60, 14 అంగుళాల టైరు కూడా బ్రిడ్జ్‌స్టోన్ చేత పోయించింది. కావాలనుకున్నవాడికి 1989 నాటి ఎత్తు, 1989 నాటి టైరు. వద్దనుకున్నవాడికి అంగుళం తక్కువ, పదిహేను అంగుళాల రిమ్ము. రెండు బళ్లూ ఒకే తనిఖీ వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి.